ఎస్టిమేట్‌లో చోటు లేని ఖర్చు

నిర్మాణ పనుల ఖర్చు అనగానే సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర, డీజిలు, కూలి అనే పద్దులు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ సకాలంలో ఒకచోట చేరాలంటే ఎవరో ఒకరు మరొకరికి కబురు అందించాలి, ఆ కబురుకూ ఖరీదు ఉంటుంది. ఫోను బిల్లు, ఇంటర్నెట్ చందా, వైర్‌లెస్ సెట్లు, యంత్రాలలో అమర్చిన సిమ్‌కార్డులు, సైటు ఆఫీసులో కెమెరాలకు కట్టే నెలవారీ రుసుము వంటివన్నీ కలిపి టెలికాం ఖర్చు అంటారు. గత 30 ఏళ్లలో ఈ ఖర్చు మాట నుంచి డేటాకు మళ్లింది, మనుషులతో పాటు యంత్రాలకూ పాకింది, కాంట్రాక్టరు ఖాతాలోంచి జారి మేస్త్రీ, సూపర్‌వైజరు, మేట్ల జేబుల మీద పడింది. మొదటి రెండు మార్పుల గురించి వాణిజ్య పత్రికలు తరచుగా రాస్తూనే ఉంటాయి. మూడో దాని గురించి మాట్లాడేవారు తక్కువ. పల్లెల్లో నిర్మాణ పనుల మీద బతికేవారికి నేరుగా తగిలేది మాత్రం అదే.

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల కింద ఉన్న మర్రిపాడు మండలం ఈ మార్పును పరిశీలించడానికి తగిన చోటు. నెల్లూరు నుంచి బద్వేలుకు పోయే రోడ్డు ఈ మెట్ట మండలం మీదుగా సాగుతుంది. కృష్ణపట్నం ఓడరేవును నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరుల మీదుగా కర్ణాటకకు కలిపే 67వ నంబరు జాతీయ రహదారిలో ఆ రోడ్డు ఒక భాగం. పొరుగున ఉన్న అనంతసాగరం మండలంలో పెన్నా నది మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది. అక్కడి నీటిని ఎత్తిపోసి మర్రిపాడు, ఉదయగిరి వైపు మెట్ట భూములకు ఇవ్వాలని తలపెట్టిన హైలెవల్ కాలువ పనులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. 2011-12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం ఈ ప్రాంతంలో వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా వేయవలసినది. ఇవి కాక పంచాయతీ రోడ్లు, ప్రభుత్వ ఇళ్ల కాలనీలు, ఉపాధి హామీ పనులు ఊరూరా ఉన్నాయి. ఈ మండలానికి అటు నిర్మాణంతోనూ ఇటు సమాచార సాంకేతిక రంగంతోనూ మరో విధమైన సంబంధం కూడా ఉంది. బ్రాహ్మణపల్లికి చెందిన మేకపాటి వారి కుటుంబం కేఎంసీ కన్‌స్ట్రక్షన్స్ పేరుతో రోడ్ల నిర్మాణంలో స్థిరపడింది. ఆ కుటుంబం నుంచి వచ్చి ఆత్మకూరు ఎమ్మెల్యే అయిన మేకపాటి గౌతమ్ రెడ్డి 2019 నుంచి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసే వరకు రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రిగా పనిచేశారు. 

నిర్మాణ రంగానికీ టెలికాం రంగానికీ మధ్య ఒక మౌలికమైన పొసగనితనం ఉంది. టవరు జనం ఉన్నచోట వెలుస్తుంది, ఎందుకంటే రీచార్జి చేసేవారు ఎందరున్నారన్నదే దాని లెక్క. కాలువ, సొరంగం, రైలు కట్ట, కంకర క్వారీ మాత్రం జనం లేని చోట్లనుంచే ఎక్కువగా పోతాయి, భూసేకరణ సులువుగా ఉండాలన్నా వాలు కలిసిరావాలన్నా అంతే. పైగా ఫ్యాక్టరీ లాగా నిర్మాణం ఒకచోట స్థిరంగా ఉండదు. ఈ నెల ఒక కిలోమీటరు రాయి దగ్గర ఉన్న ముఠా వచ్చే నెలకు కొండ అవతల ఉంటుంది. వెలిగొండల మలుపుల్లో రేడియో తరంగాలకు కొండ అడ్డం వస్తే రోడ్డు మీద నాలుగు గీతలు చూపించిన ఫోను కాలువ కట్ట మీద మూగబోతుంది. అందువల్ల మిగతా పరిశ్రమలు ఒకసారి కేబుల్ లాగించుకుని నిశ్చింతగా ఉంటే, నిర్మాణ సంస్థ అదే సౌకర్యానికి ప్రతి సైటు దగ్గరా కొత్తగా డబ్బు పెట్టుకోవలసి వస్తుంది.

సెల్‌ఫోన్లు రాకముందు ఈ ఖర్చు కంటికి కనిపించేది. సైటులో దిగిన ఇంజనీరు హైదరాబాదుతో మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవాలి, లేదా ఎస్టీడీ బూతు ఉన్న ఊరికి జీపు వేసుకుని పోవాలి. ఎస్టీడీ చార్జీ రాత్రి పొద్దుపోయాక నాలుగో వంతుకు తగ్గేది గనుక మరునాటి సిమెంటు లోడు గురించి మాట్లాడటానికి చాలామంది ఆ వేళదాకా ఆగేవారు. ఆ జీపు డీజిలూ ఆ కాల్ రసీదూ కలిసి ఖాతాలోకి ఎక్కేవి. పెద్ద రోడ్డు పనులలో వైర్‌లెస్ సెట్లు ఉండేవి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ రోడ్లు, వంతెనల పనులకు ఖరారు చేసిన ప్రామాణిక నిర్దేశాల పుస్తకంలో, పర్యవేక్షించే ఇంజనీరుకు కాంట్రాక్టరు సమకూర్చవలసిన వాహనాలు, కలర్ ఫొటో ఆల్బమ్‌లు, వీడియో క్యాసెట్ల సరసనే వైర్‌లెస్ సమాచార వ్యవస్థను ఏర్పాటు చేసి నడపడానికి ప్రత్యేకంగా ఒక క్లాజు కేటాయించారు. ఇది చిన్న విషయం కాదు. రోడ్డు వేయడానికి కబురు కూడా ఒక సామగ్రి అని, దానికి విడిగా కొలత, విడిగా చెల్లింపు ఉండవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

అమెరికాలో ఇదే అవసరం నుంచి ఒక కంపెనీ వ్యాపారమే పుట్టింది. 1990లలో నెక్స్‌టెల్ అనే సంస్థ ఫోనూ వాకీటాకీ కలిసిన సెట్లను తీసుకువచ్చింది. బొత్తాం నొక్కి పట్టుకుంటే నంబరు తిప్పకుండానే అవతలి మనిషికి మాట వినిపించేది. దుమ్మూ చప్పుడూ మధ్య చేతికి గ్లవ్స్ వేసుకుని పనిచేసే నిర్మాణ కార్మికులు ఆ సంస్థ ప్రధాన ఖాతాదారులలో చేరారు. 2005లో నెక్స్‌టెల్ స్ప్రింట్‌లో కలిసిపోయింది, 2013 జూన్‌లో ఆ నెట్‌వర్కు మూతపడింది. భారతదేశంలో అలాంటి ప్రత్యేక సేవ వేళ్లూనుకోలేదు. వాకీటాకీలకు లైసెన్సు తీసుకోవడం చిన్న కాంట్రాక్టర్లకు తలకు మించిన పని. 2018 నియమాలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి గల సెట్లకు లైసెన్సు అక్కర్లేదని చెప్పిన తరువాత, క్రేన్ ఆపరేటరుకూ కింద సైగ చేసే మనిషికీ మధ్య ఆ సెట్లు వాడుకునే వీలు కలిగింది. క్రేన్ కింద పనిలో ఇప్పటికీ ఫోను కంటే వాకీటాకీయే మేలు, ఎందుకంటే దానికి టవరుతో పని లేదు, నెల చందా లేదు.

దేశంలో తొలి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న మోగినప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. అప్పట్లో సెల్‌ఫోను కంపెనీ యజమాని చేతిలో ఉండే వస్తువు. 2003లో వచ్చే కాల్‌కు చార్జీ ఎత్తివేయడంతో అది సూపర్‌వైజరు చేతికి, ఆ తరువాత మేస్త్రీ చేతికి దిగింది. ఆ రోజుల్లో నిర్మాణ సంస్థలు టెలికాం ఖర్చును తగ్గించుకున్న మార్గం క్లోజ్డ్ యూజర్ గ్రూపు, అంటే ఒకే సంస్థ ఉద్యోగుల నంబర్లన్నిటినీ ఒక గుంపుగా కట్టి, లోపలి కాల్స్‌ను ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చే ఏర్పాటు. సీయూజీ సిమ్ అని సైట్లలో అందరికీ తెలిసినది ఇదే. బిల్లు కంపెనీ కట్టేది, నంబరు కంపెనీది, మనిషి మారితే సిమ్ తిరిగి ఇచ్చి వెళ్లేవాడు.

2016 సెప్టెంబరులో జియో రాకతో మాట ధర దాదాపు సున్నాకు దిగింది, ఖర్చంతా డేటా మీదకు మళ్లింది. 2014లో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయల దాకా పడగా, తరువాతి ఎనిమిదేళ్లలో అది 10 రూపాయలకు చేరింది. ఇంత చౌక కావడంతో నిర్మాణ సంస్థల పెద్దలకు కమ్యూనికేషన్ ఖర్చు ఇక సమస్య కాదన్న భావన కలిగింది. సీయూజీ సిమ్‌లు చాలాచోట్ల పక్కకు పోయి ఎవరి ఫోను వారు తెచ్చుకునే పద్ధతి వచ్చింది. డ్రాయింగు వాట్సాప్‌లో వస్తుంది, కంకర ట్రిప్పు ఫొటో వాట్సాప్‌లో పోతుంది, స్లాబు పోసేటప్పుడు వీడియో కాల్‌లో చూపించమని ఆఫీసు అడుగుతుంది. ఈ పనులన్నిటికీ వాడేది ఉద్యోగి సొంత ఫోను, సొంత నెట్.

ధరలు పడిపోవడంతో కథ ముగిసి ఉంటే బాగుండేది. కానీ రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల జియో ప్లాను 2021 డిసెంబరు పెంపుకు ముందు 199 రూపాయలు ఉండగా ఆ పెంపుతో 239 అయింది, 2024 జూలై పెంపుతో 299 అయింది. 28 రోజుల లెక్క గనుక ఏడాదికి 12 కాదు, 13 సార్లు రీచార్జి చేయాలి, అంటే ఆ ధర చొప్పున ఒక మనిషికి 3,887 రూపాయలు. ఇందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. నమోదైన కాంట్రాక్టరు తన పేరు మీద వచ్చే టెలికాం బిల్లులోని పన్నును, తాను కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకునే వీలుంది. మేస్త్రీ రీచార్జిలోని పన్నుకు ఆ దారి లేదు. అంటే ఖర్చు సంస్థ నుంచి మనిషికి బదిలీ అయినప్పుడు అదే సేవ మరింత ఖరీదుగా మారుతోంది.

ఈ బదిలీ ఎక్కడ స్పష్టంగా కనిపిస్తుందంటే ఉపాధి హామీ పనుల్లో. చెరువు పూడిక తీయడం, పంట కాలువలు తవ్వడం, మట్టి రోడ్లు వేయడం కూడా నిర్మాణమే, మర్రిపాడు వంటి మెట్ట మండలంలో ఎండాకాలంలో ఎక్కువమందికి దొరికే నిర్మాణ పని అదే. ఈ పనులకు వచ్చినవారి హాజరు నమోదుకు కేంద్రం ఎన్ఎంఎంఎస్ అనే మొబైల్ యాప్‌ను 2021లో ప్రవేశపెట్టి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. కాగితం మస్టరులో సంతకం పెట్టించే బదులు, కూలీలను పని చోట నిలబెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలి. ఆ ఫొటోతో పాటు అది ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర తీసినదో కూడా నమోదవుతుంది, దాన్నే జియో ట్యాగింగ్ అంటారు. దొంగ మస్టర్లను అరికట్టాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. అయితే ఈ పద్ధతి స్మార్ట్‌ఫోను, డేటా, సిగ్నల్ అనే మూడు వస్తువులు పని చోట ఉన్నాయని ముందే అనుకుని తయారైంది. వాటిని ఎవరు కొనాలన్నది మాత్రం పని అంచనాలో రాయలేదు. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి ఉంచి, నెట్‌వర్కులోకి వచ్చాక ఎక్కించుకోవచ్చని ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు అమలయ్యే తీరు ఇలా ఉంటుంది: పని కొండ వారన ఉంటే హాజరు తీసే మేట్ ఫోను పట్టుకుని రోడ్డు దాకానో మిట్ట మీదికో నడిచి వెళ్లి, ఫొటో ఎక్కిందని ఖాయం చేసుకుని తిరిగి రావాలి. ఎక్కకపోతే ఆ పూట కూలి ప్రశ్నార్థకం అవుతుంది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ ఏడాది జూలైలో ఫోను రీచార్జి 299 రూపాయలైంది. ఒక రోజు కూలి మొత్తం ఒక నెల సిగ్నల్‌కు సరిపోయిందన్నమాట. కోట్ల రూపాయల టెండర్ల మధ్య ఈ సంఖ్య కనిపించదు, ఆ ఇంట్లో కనిపిస్తుంది.

ప్రభుత్వ ఇళ్ల నిర్మాణంలోనూ ఇదే పద్ధతి. పీఎం ఆవాస్ యోజన కింద పునాది, రూఫ్ లెవెల్, స్లాబు వంటి ప్రతి దశలో ఇంటి ఫొటోను జియో ట్యాగ్ చేసి యాప్‌లో ఎక్కిస్తేనే ఆ దశ బిల్లు కదులుతుంది. లబ్ధిదారు ఇటుకలకూ సిమెంటుకూ అప్పు తెచ్చి గోడలు లేపి ఉంటాడు. సచివాలయ ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి ఫొటో తీసేదాకా, అది సర్వరుకు చేరేదాకా, ఆ అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. టెలికాం ఖర్చును కేవలం రీచార్జి రూపాయలలో కొలిస్తే ఈ వడ్డీ లెక్కలోకి రాదు.

పెద్ద సంస్థల దగ్గర పరిస్థితి వేరు. అక్కడ ఖర్చు పెరుగుతున్నది యంత్రాల వైపు. జేసీబీలు, ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, రోలర్లు, కాంక్రీటు బ్యాచింగ్ ప్లాంట్లు ఇప్పుడు సిమ్‌తోనే వస్తున్నాయి. యంత్రం ఎక్కడ ఉంది, ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, ఎంత డీజిలు తాగింది, ఖాళీగా ఎంతసేపు రన్నింగ్‌లో ఉంది అన్న వివరాలను అది తనంతట తాను ఆఫీసుకు పంపుతుంది. దీన్ని టెలిమాటిక్స్ అంటారు. జేసీబీ తన సేవకు లైవ్‌లింక్ అని, కొమాత్సు తన సేవకు కోమ్‌ట్రాక్స్ అని పేర్లు పెట్టుకున్నాయి. మనుషుల సిమ్‌లకు 10 అంకెల నంబర్లు ఉంటే, యంత్రాల సిమ్‌లకు 2018 జూలై నుంచి 13 అంకెల నంబర్లు ఇస్తున్నారు. డీజిలు దొంగతనం, యంత్రాన్ని బయట పనికి తిప్పడం వంటి నష్టాలు తగ్గితే నెలకు కొన్ని వందల రూపాయల చందా పెద్ద భారం కాదు గనుక కాంట్రాక్టర్లు ఈ ఖర్చును సంతోషంగానే భరిస్తున్నారు. రెడీమిక్స్ కాంక్రీటు విషయం ఇంకా స్పష్టం. భారతీయ ప్రమాణం ప్రకారం లోడు చేసిన తరువాత సాధారణంగా రెండు గంటల్లో కాంక్రీటును మిక్సరు బండిలోంచి దించాలి. సైటులో పంపు మొరాయించిందన్న కబురు ప్లాంటుకు అందక మూడు బండ్లు బయల్దేరితే ఆ సరుకంతా వృథా. ఆ ఒక్క ఫోను కాల్ విలువ ఆ మూడు బండ్ల కాంక్రీటు విలువంత.

రహదారుల పనుల్లో 2020 నుంచి జాతీయ రహదారుల సంస్థ డేటా లేక్ అనే వేదిక మీదకు కాగితాలను మార్చింది, 2021 నుంచి పనుల ప్రగతిని నెలనెలా డ్రోన్ వీడియోతో చూపాలని కాంట్రాక్టర్లను కోరింది. పెద్ద వీడియో ఫైళ్లు మారుమూల క్యాంపు నుంచి పంపాలంటే మామూలు సెల్ డేటా చాలదు, ప్రత్యేకంగా ఫైబర్ లైనో రేడియో లింకో తెచ్చుకోవాలి. ఇదంతా కలిపినా నిర్మాణ రంగం సాంకేతికత మీద పెట్టేది తక్కువే. మెకిన్సే సంస్థ 2016లో లెక్కగట్టినదాని ప్రకారం ప్రపంచవ్యాప్తంగా నిర్మాణ సంస్థలు ఐటీ మీద పెట్టే ఖర్చు తమ రాబడిలో ఒక శాతం కూడా ఉండదు. ఈ అంకెను చూపి నిర్మాణ రంగం వెనకబడి ఉందని నిర్ధారించేవారు ఒక సంగతి గమనించాలి. కంపెనీల ఖాతాలు మాత్రమే చూసి వేసిన లెక్కలో సొంత ఫోన్ల మీద పనిచేస్తున్న లక్షలాది మేస్త్రీల, మేట్ల, సబ్ కాంట్రాక్టర్ల రీచార్జిలు చేరవు.

నిర్మాణం టెలికాంకు చేసే నష్టం వైపు కూడా చూడాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, పైపులైను వేసేటప్పుడు, కాలువ తవ్వేటప్పుడు భూమిలో అడుగు లోతు తప్పినా జేసీబీ పళ్లకు ఆప్టికల్ ఫైబర్ కేబుల్ చిక్కుతుంది. వెంట్రుక మందం గాజు పోగుల గుండా వెలుగు రూపంలో సమాచారం పోయే ఈ కేబుల్ తెగితే దాని మీద ఆధారపడిన టవర్లు, బ్యాంకు శాఖలు, సచివాలయాలు ఒక్కసారిగా నిలిచిపోతాయి. దేశంలో ఏటా సుమారు 10 లక్షల చోట్ల కేబుళ్లు ఇలా తెగుతున్నాయని, నష్టం 3,000 కోట్ల రూపాయల దాకా ఉంటుందని కేంద్రం అంచనా వేసింది. దీనికి విరుగుడుగా 2023 మార్చి 22న కాల్ బిఫోర్ యూ డిగ్ అనే యాప్‌ను ప్రారంభించారు. తవ్వబోయే చోటును అందులో నమోదు చేస్తే, ఆ భూమిలో కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు ముందుగా సమాచారం వెళుతుంది, వారి ప్రతినిధి నంబరు తవ్వేవారికి వస్తుంది. తవ్వేముందు తెలియజేయడం నియమం కూడా అయింది. చేతిలో ఫోను ఉన్న జేసీబీ ఆపరేటరు ఐదు నిమిషాలు వెచ్చిస్తే ఆగిపోకుండా ఉండేది అతని సైటు పని కూడా, ఎందుకంటే తెగిన కేబుల్ వెనుక ఉన్న టవరు మీదే అతని సూపర్‌వైజరు ఫోను కూడా పనిచేస్తూ ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన కేబుల్‌లో ఎక్కువ భాగాన్ని భూమిలో కాక కరెంటు స్తంభాల మీదుగా లాగింది. అందువల్ల తవ్వకాల బెడద తగ్గినా, రోడ్డు విస్తరణలో స్తంభాలు జరిపిన ప్రతిసారీ ఆ కేబుల్‌కూ కష్టమే. చిత్రమేమిటంటే రోడ్డు ఎస్టిమేట్‌లో ఇప్పటికీ టెలికాం పేరు గట్టిగా వినిపించే పద్దు ఇదే. యుటిలిటీ షిఫ్టింగ్ కింద, అంటే అడ్డుగా ఉన్న స్తంభాలు, పైపులు, కేబుళ్లను పక్కకు జరపడానికి ప్రత్యేకంగా డబ్బు ఉంటుంది.

టెలికాంను నిర్మాణానికి అడ్డుగా మాత్రమే చూసే ఈ ఆలోచన పైస్థాయిలో మారుతున్న సూచనలు ఉన్నాయి. జాతీయ రహదారుల వెంట సుమారు 10,000 కిలోమీటర్ల ఫైబర్ వేయాలని సంకల్పించి, ప్రయోగాత్మకంగా ఎంచుకున్న రెండు మార్గాలలో 512 కిలోమీటర్ల హైదరాబాదు-బెంగళూరు మార్గాన్ని చేర్చారు. రోడ్డు వేసేటప్పుడే పక్కన ఫైబర్‌కు గొట్టం వేసి ఉంచితే తరువాత తవ్వనక్కర్లేదు. నగరాలలో కట్టే భవనాలకు లోపల సిగ్నల్, ఫైబర్ సదుపాయాలను బట్టి నక్షత్రాల రేటింగు ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో విడుదల చేసింది. అపార్టుమెంటు కొనేవారు నీళ్లు, లిఫ్టు గురించి అడిగినట్టే సిగ్నల్ గురించి అడుగుతున్నారు గనుక బిల్డర్ల టెలికాం ఖర్చు ఇక ముందు పెరిగేదే తప్ప తరిగేది కాదు. పల్లెల వైపు, సిగ్నల్ అందని గ్రామాలకు 4జీ టవర్లు నిలపడానికి 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించి, దాని అమలును బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. కొండ వారన ఒక టవరు నిలిస్తే అది ఊరికి ఎంత మేలో, ఆ చుట్టుపక్కల జరిగే ప్రతి పనికీ అంతే మేలు.

అయినా మర్రిపాడు మండలంలో ఒక పంచాయతీ రోడ్డుకో కాలువ పిల్లకాలువకో వేసే ఎస్టిమేట్‌లో పరిస్థితి మారలేదు. కమ్యూనికేషన్ ఖర్చు ఓవర్‌హెడ్‌లో, అంటే ఏ ఒక్క పనికీ విడిగా చూపని ఉమ్మడి ఖర్చుల శాతంలో కలిసిపోతుంది. ఆ శాతం కాంట్రాక్టరుకు అందుతుంది, రీచార్జి మాత్రం మేస్త్రీ చేసుకుంటాడు. ఉపాధి హామీలోనైతే కాంట్రాక్టరు కూడా లేడు. ఒకప్పుడు వైర్‌లెస్ సెట్లకు విడిగా క్లాజు రాసిన ఇంజనీర్లు నేడు యాప్ హాజరుకూ జియో ట్యాగ్ ఫొటోలకూ డేటా ఖర్చును విడి పద్దుగా రాయడానికి అడ్డేమీ లేదు. హాజరు తీసే మేట్‌కు, కొలతలు ఎక్కించే వర్క్ ఇన్‌స్పెక్టరుకు, లోడు లెక్క పంపే సూపర్‌వైజరుకు పని జరిగినన్ని నెలలు రీచార్జి సొమ్ము పని ఖాతా నుంచే చెల్లించాలి. సిగ్నల్ అందని సైటును టెండరు పత్రంలోనే అలాగని గుర్తించి, అక్కడ ప్రత్యామ్నాయ ఏర్పాటుకు మొత్తం కేటాయించాలి. పంచాయతీరాజ్, జలవనరులు, రోడ్లు భవనాల శాఖలు ఏటా తమ ధరల పట్టికలను సవరిస్తూనే ఉంటాయి. వచ్చే సవరణలో ఈ ఒక్క పద్దును చేర్చవలసిందిగా ఆ శాఖల ఇంజనీర్లను కోరవలసిన బాధ్యత పనులు చేసేవారి సంఘాల మీదా, వారి తరఫున మాట్లాడే ప్రజాప్రతినిధుల మీదా ఉంది.